కాకి ముట్టని ముద్ద

అనగనగా ఒక రాజు. రాజన్నాక రాజ్యం ఉండాలి కదా, ఉంది. దాని పేరు మొగలికోన. రాజు పేరు ధర్మకేసరి. పేరైతే అంత బరువుగా ఉంది గాని, రాణి కుందనవల్లి చెప్పందే ఆయన తలపాగా కూడా చుట్టుకునేవాడు కాదు.

వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నడిమివాడు ధనకేతు. మూడోవాడు పుట్టేసరికి పురోహితుడి దగ్గర గొప్ప పేర్లన్నీ అయిపోయాయి. "పిడికెడున్నాడు, చిట్టికేతు అనండి చాలు" అంది రాణి. అదే ఖాయమైంది.

రణకేతుకి కత్తి తిప్పడం వచ్చు. ధనకేతుకి గుర్రం ఎక్కడం వచ్చు. చిట్టికేతుకి అందర్నీ ఏడిపించడం వచ్చు. వంటవాళ్ళని ఏడిపించేవాడు, మంత్రిగారి మీసాలని ఏడిపించేవాడు, చివరికి కోటగోడ మీద వాలిన కాకుల్ని కూడా వదిలేవాడు కాదు. కాకులు ఊరుకుంటాయా? తిట్టేవి. తిరిగి తిట్టాలంటే వాటి భాష రావాలిగా! అలా వచ్చింది వాడికి కాకిభాష. ఏ గురువూ బెత్తం పట్టుకోలేదు.

ఇలా ఉండగా రాణికి జ్వరం తగిలింది. వైద్యులు వచ్చారు, కషాయాలు వచ్చాయి, జ్వరం మాత్రం పోలేదు. రాణే పోయింది. కోటలో అందరూ ఏడ్చారు. ఎప్పుడూ ఏడిపించేవాడు కూడా ఏడ్చాడు.

పెద్దకర్మ నాడు ఏటి ఒడ్డున విస్తరాకులో పిండం పెట్టారు. పిండమంటే పోయినవాళ్ళ పేరు చెప్పి పెట్టే అన్నం ముద్ద. అది కాకి వచ్చి తినాలి. తింటే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళారని. తినకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని. అప్పుడు చుట్టాలందరూ ఆ కోరిక ఏమై ఉంటుందా అని బుర్రలు గోక్కుని, "నీ మనవరాలి పెళ్ళి మేం చేస్తాం," "నీ ఆవుని మేం చూసుకుంటాం" అని తలో మాటా ఇస్తారు. సరైన మాట పడగానే కాకి వాలుతుంది. ఇదీ ఆచారం.

కాకి వచ్చింది. రావిచెట్టు కొమ్మ మీద కూర్చుంది. ముద్దవైపు చూసింది. ముట్టలేదు.

"అమ్మా, నీ పేరున పది కోటలు జయిస్తాను" అన్నాడు రణకేతు. కాకి ముట్టలేదు.

"అమ్మా, నీ పేరున బంగారు గోపురం కట్టిస్తాను" అన్నాడు ధనకేతు. కాకి ముట్టలేదు.

రాజు లేచి అన్నాడు, "కుందనా, ఇకనుంచి తలపాగా నేనే చుట్టుకుంటానే." కాకి తల తిప్పుకుంది.

రాజు అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. "అది తినేదాకా నేనిక్కడినుంచి లేవను. పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను" అన్నాడు.

మంత్రులు బతిమాలారు. లేవలేదు. రాజు ఇలా చిక్కిపోతూ కూర్చుంటే ఈ ఒడ్డున ఇంకో పిండం పెట్టాల్సి వస్తుందని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనలేదు.

చిట్టికేతు చెట్టు కిందికి వెళ్ళాడు.

"ఏం కాకీ, ఉప్పు తక్కువైందా?"

"నోర్ముయ్ రా, పిడికెడు వెధవా" అంది కాకి. "మీ ఇంటి అన్నానికి వంకేం లేదు. నాకూ ఆకలిగానే ఉంది. కానీ మీ అమ్మ అవతలి గట్టున దిగి, 'ఇక తిను' అని కబురంపాలి. అప్పుడే తినాలి. అది మా కాకుల కట్టుబాటు. ఆవిడ ఇంకా దిగలేదు."

"దిగకపోవడమేంటి? ఎక్కడుంది మరి?"

"దారిలో పట్టేశాడు. ఏడు సముద్రాల అవతల కరాళుడని ఓ మాంత్రికుడున్నాడు. పోయేవాళ్ళ ఎరుకకి వల వేస్తాడు. పట్టి చిలకల్లో పెడతాడు."

"ఎరుకంటే?"

"'నేనున్నాను' అని నీకు లోపల తెలుస్తూ ఉంటుంది చూడు, అది. ఒళ్ళు ఇక్కడే కాలిపోతుంది. అది బయల్దేరుతుంది. ఎక్కడికని మాత్రం అడక్కు. నా సంగతి గట్టు దాకానే."

చిట్టికేతు పంచె ఎగ్గట్టాడు. "అయితే పద, దారి చూపించు."

"ఏడు సముద్రాలురా!"

"ఏడే కదా. ఎనిమిదోది లేదుగా?"

వాడు వెళ్తున్నాడంటే అన్నలు ఊరుకుంటారా? మేమూ అంటే మేమూ అన్నారు. కాకి వెళ్ళి సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ముసలి తాబేలుని మాట్లాడింది. దాని వీపు మన పెరడంత ఉంటుంది. ముగ్గురూ ఎక్కారు, కాకి దారి చూపిస్తూ ముందు ఎగిరింది.

"కదలకుండా కూర్చోండి. నాకు చక్కిలిగిలి" అంది తాబేలు.

మొదటిది ఉప్పు సముద్రం. వాంతులు చేసుకుంటూ దాటారు. రెండోది చెరకురసం సముద్రం. రణకేతు వంగి ఒక దోసెడు తాగాడు, ఇంకో దోసెడు తాగాడు, మూడో దోసెడుకి, "తమ్ముడూ, శత్రువులు వెనకనుంచి వస్తే? నేనిక్కడ కాపలా ఉంటా" అని ఒక దీవి మీద దిగిపోయాడు. మూడోది కల్లు సముద్రం. అందులో తాబేలు కాస్త వంకరటింకరగా ఈదింది, ఏదో పాట కూడా పాడింది. ధనకేతు దానికి వంత పాడుతూ ఇంకో దీవి మీద దిగిపోయాడు. "వెళ్ళరా చిట్టీ, అమ్మని అడిగానని చెప్పు" అన్నాడు.

నాలుగోది నెయ్యి సముద్రం. అందులో పడితే జారడమే. ఐదోది పెరుగు సముద్రం. "అయ్యో, కాస్త అన్నం మూట కట్టుకోవాల్సింది" అని చిట్టికేతు ఏడ్చాడు. ఆరోది పాల సముద్రం. "మీగడ తాకావంటే ముంచేస్తా" అంది తాబేలు. ఏడోది ఉత్త మంచినీళ్ళ సముద్రం. అలల్లేవు, గాలి లేదు, ఎటు చూసినా ఒకటే తెలుపు. అన్నిటికంటే కష్టమైంది అదే. కాకి ఎక్కడో ముందు ఎగురుతోంది, తాబేలు అలిసిపోయి పలకడం లేదు, ఇక ఏడిపించడానికి ఎవరూ లేరు, ఏమీ లేదు. వెనక్కి తిరగాలనిపించింది చిట్టికేతుకి. పళ్ళు బిగించి, ఒడ్డున ఇసుకలో కూర్చున్న తండ్రిని తలుచుకున్నాడు. "పద తాతా, పద" అని ఆ సముద్రం పొడుగునా తాబేలుతో అదే మాట అన్నాడు.

అవతలి ఒడ్డున ఒక పెద్ద రాతి మేడ. మేడ ముందు ఒక అమ్మాయి జామకాయలు ముక్కలు కోస్తోంది. ఆమె పేరు దవనిక. కరాళుడి కూతురు.

"ఎవరు నువ్వు?" అంది.

"చిట్టికేతు. మొగలికోన యువరాజుని."

ఆమె పైనుంచి కిందికి చూసింది. "పేరులో మొదటి సగం సరిపోయింది."

చిట్టికేతు నవ్వేశాడు. వచ్చిన పని చెప్పాడు. ఆమె కత్తిపీట పక్కన పెట్టింది.

"మా నాన్న చెడ్డవాడు కాదు. భయస్తుడు. మా అమ్మ పోయినప్పుడు ఆయనకి ఈ విద్య తెలీదు. ఆమె ఎక్కడికి వెళ్ళిందో తెలీలేదు. అప్పటినుంచీ వల వేయడం మొదలుపెట్టాడు. పట్టిన ప్రతి ఒక్కర్నీ ఒకటే అడుగుతాడు, 'అక్కడ ఏముంది?' అని."

"వాళ్ళేమంటారు?"

"ఏమంటారు? 'నువ్వు వెళ్ళనిస్తే కదా' అంటారు!"

"మరి ఆ మాత్రం ఆయనకి తట్టలేదా?"

"నేను చెప్పాను. పిల్లవి, నీకు తెలీదు ఊరుకో అన్నాడు." దవనిక నవ్వబోయి మానేసింది. "తన ప్రాణం కూడా ఒక చిలకలో దాచుకున్నాడు, ఎప్పటికీ అటు వెళ్ళక్కర్లేకుండా. అది ఏ చిలకో నాక్కూడా చెప్పలేదు. చూడు యువరాజా, నీకు గనక అది దొరికితే దాని మెడ నులమనని నాకు మాటివ్వు."

"ఇచ్చాను" అన్నాడు చిట్టికేతు.

లోపలికి వెళ్ళారు. మేడ నిండా పంజరాలే. పంజరానికొక చిలక. ప్రతి పంజరానికీ బయట వెదురుపుల్ల గడియ. మధ్యలో పెద్ద పీట మీద కరాళుడు. జడలు నేలమీద పాకుతున్నాయి, కళ్ళు మాత్రం నిద్రపోని పిల్లాడి కళ్ళలా ఉన్నాయి.

"మీ అమ్మ కావాలా? పందెం వేస్తావా?" అన్నాడు. "ఏ చిలకో చూపించు. మూడుసార్లు చూడు. చూపిస్తే ఆ పంజరం నీది. చూపించలేకపోతే నువ్వూ ఒక చిలకవి. మిగతా పంజరాల మీద నీ చెయ్యి పడిందా, శిలవైపోతావు."

"ఒప్పుకున్నా."

"ఇంకో మాట. ఏ చిలకా తన పేరు చెప్పలేదు, నీ పేరు పిలవలేదు. ఆ మాటలకి మాత్రం నోళ్ళు కట్టేశాను."

మొదటిసారి చిట్టికేతు తిన్నగా అడిగాడు. "అమ్మా! నేనొచ్చాను!" ఒక చిలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే!" అన్నాడు. కరాళుడు విరగబడి నవ్వాడు. అది ఏదో దేశపు కుస్తీ వస్తాదు. ఎవరు 'అమ్మా' అన్నా పాపం వాళ్ళమ్మ గుర్తొచ్చి ఏడుస్తాడట.

రెండోసారి చిట్టికేతు తెలివి ఉపయోగించాడు. దవనికని కాస్త అన్నం అడిగి, కాళ్ళు కడుక్కోకుండా, నిలబడి, ఎడమచేత్తో తినడం మొదలుపెట్టాడు. అమ్మ అన్నాక ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. కానీ అక్కడ ఎంతమంది అమ్మలున్నారో వాడు ఆలోచించలేదు!

"కాళ్ళు కడుక్కో!"

"కుడిచెయ్యేమైందిరా, దొంగలెత్తుకెళ్ళారా?"

"కూర్చుని తిను, లేకపోతే ఒంటబట్టదు!"

"కూర లేకుండా ఉత్త అన్నమేంటి నాయనా!"

మేడ కప్పు ఎగిరిపోయేంత గోల. చెవులు మూసుకుని ఒక చిలకని చూపించాడు. అది ఎవరికో మేనత్త.

ఇక మిగిలింది ఒక్కసారి. కాకి కిటికీలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. "ఒరే, వచ్చేయరా, తాబేలు సిద్ధంగా ఉంది, పారిపోదాం" అంది.

"పోను" అన్నాడు చిట్టికేతు. నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆలోచించాడు. అందరు అమ్మలకీ తెలిసింది కాదు, మా అమ్మకి మాత్రమే తెలిసింది కావాలి అనుకున్నాడు. రాణి వాడికి అన్నం పెడుతూ రోజూ ఒక కథ చెప్పేది. సొంతంగా అల్లిన కథ. అందులో ఒక్క మాట మార్చినా ఆవిడకి మహా కోపం.

చిట్టికేతు గొంతు సవరించుకున్నాడు. "అనగనగా ఒక నక్క" అన్నాడు.

చిలకలన్నీ బుద్ధిగా విన్నాయి. కథంటే ఎవరికి చేదు! ఒక మూల మాత్రం ఏదో కోపంగా గుర్రుమన్న చప్పుడు వినిపించింది.

"ఆ నక్క బెల్లం కోసం చెట్టెక్కింది."

మూలన రెక్కలు టపటపా కొట్టుకున్నాయి.

"చెట్టు మీదినుంచి పడి నక్క చచ్చిపోయింది. కథ అయిపోయింది."

"ఒరే భడవా!" అని మూల పంజరం ఊగిపోయింది. "నక్క కాదు, ఎలుగుబంటి! బెల్లం కాదు, తేనె! అది చావలేదురా, చెవుల్లో తేనె పోసుకుని హాయిగా నిద్రపోయింది! ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"అదిగో మా అమ్మ!" అన్నాడు చిట్టికేతు. నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

ఓడిపోయిన కరాళుడు ముఖం మాడ్చుకుని, "తీసుకుపో" అన్నాడు.

చిట్టికేతు పంజరం ఒళ్ళో పెట్టుకున్నాడు. "అమ్మా, ఇంటికెళ్దాం. నాన్న సంతోషిస్తాడు. నీ పంజరం సింహాసనం పక్కన పెడతాం."

రాణి తల వంచుకుంది. "ఆశగానే ఉందిరా. జామకాయలు తింటూ మీ నాన్నని తిట్టుకుంటూ ఉండొచ్చు. కానీ నేను దారిలో ఉన్నదాన్ని. మొదట ఒళ్ళు మర్చిపోయాను. తర్వాత నా పేరు కూడా జారిపోతోంది. అయినా నేనున్నాను. కళ్ళు మూసుకున్నా అన్నం కలిపే చేతికి నోరెక్కడుందో తెలుస్తుందే, అలా తెలుస్తూనే ఉంది. తర్వాతేమిటో చూసేలోపే వల పడింది. ఇంట్లో పెట్టుకుంటే నేను చిలకనే, నాయనా. వెళ్ళనిస్తే ఏమవుతానో తెలీదు. కానీ వెళ్ళాలి."

చిట్టికేతు పంజరాన్ని ఒకసారి గుండెలకి హత్తుకున్నాడు. తర్వాత వెదురుపుల్ల లాగేశాడు.

"వెళ్ళమ్మా. కానీ వెళ్ళేముందు ఒక పని. ఈ మిగతా పంజరాల మీద నా చెయ్యి పడకూడదు. నీ ముక్కు పడకూడదని మాత్రం ఎవరూ అనలేదు."

రాణి కళ్ళు మెరిశాయి. కొడుక్కి ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా మీకు? ఆమె ఎగిరి వెళ్ళి పక్క పంజరం పుల్ల లాగింది. అందులోంచి వస్తాదు బయటికొచ్చి ఇంకో పుల్ల లాగాడు. మేనత్త ఇంకోటి లాగింది. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది.

"ఆపండి!" అని కరాళుడు మంత్రదండం ఎత్తాడు. చిట్టికేతు కాళ్ళు రాయైపోయాయి.

"ఆగకమ్మా, కానీ!" అన్నాడు చిట్టికేతు.

నడుము దాకా రాయైంది. "ఆగకమ్మా, కానీ!"

గుండెల దాకా రాయైంది. గొంతు బొంగురుపోయింది. అయినా అదే మాట, "ఆగకమ్మా, కానీ!"

ఆఖరి పుల్ల ఊడింది. పచ్చటి మబ్బులా చిలకలన్నీ ఒక్కసారి కిటికీల్లోంచి ఆకాశంలోకి లేచిపోయాయి. మేడ ఖాళీ.

కాదు, పూర్తిగా ఖాళీ కాదు. ఒక పంజరం తలుపు బార్లా తెరిచి ఉన్నా, ఒక చిలక వెనక్కి ఒదిగి, కమ్మీలు గట్టిగా పట్టుకుని, గజగజ వణుకుతోంది.

దవనిక నెమ్మదిగా దాని దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, ఇది నువ్వేగా" అంది.

కరాళుడి చేతిలోంచి దండం జారిపోయింది. దవనిక ఆ చిలకని రెండు చేతుల్లోకి తీసుకుంది. కాకి గట్టిగా అరిచింది, "నులిమేయవే! పీడా పోతుంది!"

"నువ్వు నోర్మూసుకో కాకీ" అన్నాడు చిట్టికేతు మెడదాకా రాయై ఉండి కూడా. "నేను మాటిచ్చాను. అయ్యా, నా ఒళ్ళు నాకిప్పించు చాలు. చీమ కుట్టినా గోక్కోలేకపోతున్నా."

కరాళుడు వణుకుతూ మంత్రం విప్పాడు. తర్వాత పీట మీద కూలబడి, కొడుకు కోసం కిటికీలోకి తిరిగొచ్చి వాలిన రాణి చిలకని అడిగాడు. "అమ్మా, నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? పెళ్ళై మొగలికోనకి వచ్చిన రోజున కూడా భయమే. పల్లకీ తలుపు తీసేదాకా బయట ఎవరున్నారో తెలీదు. తీసి చూస్తే ఎవరో హారతిపళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. ఇదీ అలాగే ఉంటుందని నేననడం లేదు. అప్పుడు అలా ఉందని చెప్తున్నాను, అంతే."

"ఒక్కణ్ణే వెళ్ళాలంటేనే..."

"ఒక్కడివెందుకు? రా తమ్ముడూ. గట్టు దాకా కలిసే పోదాం."

కరాళుడు కూతురివైపు చూశాడు. దవనిక పెదవి కొరుక్కుంది. చేతులు విప్పింది. చిలక ఆమె అరచేతిలో ఒక్క క్షణం ఆగి, ఎగిరింది. రాణి కొడుకు తలమీద ఒకసారి ముక్కుతో టక్కున కొట్టి తనూ ఎగిరింది. పీట మీద కరాళుడి ఒళ్ళు, ఎవరో విప్పి పడేసిన అంగీలా మెల్లిగా ఒరిగిపోయింది.

దవనిక ఏడ్చింది. చిట్టికేతు ఆమె పక్కన కూర్చున్నాడు. ఒక్క హాస్యం కూడా ఆడలేదు.

కరాళుణ్ణి సాగనంపి, ఇద్దరూ తాబేలు మీద వెనక్కి వచ్చారు. దారిలో ధనకేతుని లేపి ఎక్కించుకున్నారు. రణకేతుని కూడా ఎక్కించుకున్నారు గాని, వాడు చెరకురసం తాగి తాగి ఎంత లావయ్యాడంటే, తాబేలు ఒకవైపు ఒరిగిపోయింది.

ఏటి ఒడ్డున రాజు ఎముకల గూడులా కూర్చుని ఉన్నాడు. "తెచ్చావా నాయనా?" అన్నాడు.

"లేదు నాన్నా. పంపించి వచ్చాను."

రాజు వాడి ముఖంలోకి చూశాడు. తనే లేచి, కొత్త విస్తరాకు పరిచి ముద్ద పెట్టాడు. కాకి ఇంకా కొమ్మ మీద సరిగా కూర్చోలేదు, చెవి రిక్కించి ఏదో విన్నట్టు తల ఊపి, దభాలున కిందికి దూకి ఆబగా తినేసింది. రాజు ఏడుస్తూ నవ్వాడు.

ఆ పక్కనే దవనిక తన తండ్రి పేరున ఇంకో ముద్ద పెట్టింది. కాకి దాని చుట్టూ తిరిగింది. ముట్టలేదు.

దవనిక ముఖం పాలిపోయింది. "ఏమైంది? మా నాన్న దిగలేదా?"

"దిగాడు" అంది కాకి, చిట్టికేతు దాని మాట ఆమెకి చెప్పాడు. "దిగి గట్టుమీద వెనక్కి తిరిగి నిలబడ్డాడట. ముందుకి పోడట. అక్కడ ఏముందో చూస్తే, వెనక్కొచ్చి కూతురికి చెప్పాలని ఆయన కోరిక. లేకపోతే ఆమె కూడా తనలాగే భయపడుతుందేమోనని."

దవనిక ఏటివైపు తిరిగింది. గొంతు గట్టి చేసుకుంది. "నాన్నా, నాకు నువ్వు చెప్పక్కర్లేదు. నా వంతు వచ్చినప్పుడు నేనే వచ్చి చూసుకుంటాను. నేను భయపడను. భయపడినా వస్తాను. నువ్వెళ్ళు!"

కాకి వంగి ముద్ద అందుకుంది. ఒక్క మెతుకు కూడా మిగల్చలేదు.

ఏడాది తిరిగాక చిట్టికేతుకీ దవనికకీ పెళ్ళయింది. ఎవరెవర్ని ఎక్కువ ఏడిపిస్తారని పీటల మీదే పోటీ పెట్టుకున్నారు. తలంబ్రాలు పురోహితుడి నోట్లో పడ్డాయి. రణకేతుకి సైన్యం, ధనకేతుకి గుర్రపుశాలలు ఇచ్చి, రాజు చిన్నకొడుక్కి పట్టం కట్టాడు. వాళ్ళిద్దరూ ఎంతో కాలం మొగలికోనని చల్లగా ఏలారు. వాళ్ళ రాజ్యంలో చిలకని పంజరంలో పెట్టినవాళ్ళు లేరు.

కథ కంచికి ఎప్పుడో చేరిపోయింది, కంచంలో అన్నం మాత్రం చల్లారిపోతోంది. లేవండి, కాళ్ళు కడుక్కుని రండి.